జిద్దా దగ్గరే, దూరమంతా శంషాబాదే

"జిద్దా ఆరు గంటలే హాజీ సాబ్!" ఉమ్రా ప్యాకేజీ అమ్మే ప్రతి ఏజెంటు నోటా ఇదే మాట. ఝూట్ ఏం కాదు. హైదరాబాద్ నుంచి జిద్దా దాదాపు 4,100 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానం ఐదున్నర, ఆరు గంటల్లో దింపేస్తుంది.

కానీ భాయ్, మన ఇల్లు శంషాబాద్ పక్కన లేదు, తాండూరులో ఉంది. అక్కడికి 110 కిలోమీటర్ల పైమాటే, మూడు గంటల సఫర్. విమానం గంటకు దాదాపు 700 కిలోమీటర్లు పోతుంటే మనం 40 కూడా పోవడం లేదు. హనఫీ ఉలమా లెక్కలో 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్లు దాటి పోయేవాడు ముసాఫిర్, అతనికి ఖసర్ నమాజ్. అంటే తాండూరు మనిషి విమానం మొహం చూడకముందే ముసాఫిర్! అసలు ఖతర్నాక్ సఫర్ కూడా అదే.

2025 నవంబర్ 3 తెల్లారి తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది పోయారు. కంకర మీద పడి కొందరికి ఊపిరాడలేదు. ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఉమ్రా రేట్ల మీద నడిచే బహస్‌లో పావువంతు కూడా ఆ సడక్ మీద నడవదు.

"తఖ్దీర్" అంటారు కొందరు బుజుర్గులు. తఖ్దీర్ మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమని నేర్పిన ఉమ్మత్ మనది. డివైడర్ లేని రోడ్డు మీద పట్టా కప్పని టిప్పర్లను వదిలిపెట్టి, చచ్చినవాళ్లకు తఖ్దీర్ అనడం తవక్కుల్ కాదు, గఫ్లత్.

అప్పా జంక్షన్, మన్నెగూడ మధ్య రోడ్డు వెడల్పు పని మర్రిచెట్ల పేరుతో ఏళ్లకేళ్లు నానింది. చెట్లు మన దుష్మన్‌లు కావు. వాటిని వదిలి పక్కనుంచి రోడ్డు వెయ్యొచ్చు. చెట్టునో మనిషినో ఎంచుకోమనడం పని చెయ్యనివాళ్ల బహానా.

మన తప్పు కూడా చెప్పుకుందాం. ఒక్క హాజీని సాగనంపడానికి ఏడుగురి బండిలో పన్నెండు మంది ఎక్కుతాం. రాత్రంతా దావత్‌లో తిరిగిన డ్రైవరును "జల్దీ మియా, ఫ్లైట్ పోతుంది" అని తరుముతాం. అమ్మీ ఇంతెఖాల్ ఖబర్ విని జిద్దా నుంచి దిగిన కొడుకు జనాజా అందుకోవాలని అదే రోడ్డు మీద అదే మాట అంటాడు. ఒక ఇంట్లో రెండు జనాజాలు లేవకూడదు.

అందుకే వచ్చే జుమా రోజు ఖుత్బా అయ్యాక తాండూరు, వికారాబాద్ మస్జిద్ కమిటీలు ఒక్క దర్ఖాస్తు రాయాలి: డివైడర్‌తో నాలుగు వరసల రోడ్డు, టిప్పర్లకు లోడు తనిఖీ, రాత్రి ఫ్లైట్లకు అందేలా తాండూరు నుంచి శంషాబాద్‌కు బస్సు. ఆ సంతకాల్లో మన హిందూ పడోసీల సంతకాలు కూడా ఉండాలి, ఆ బస్సు అందరిదీ.

ఇన్షా అల్లాహ్ జిద్దా చేరతాం. ముందు చేవెళ్ల దాటనివ్వండి.