విడిచిన చేప బ్రదుకవలెను

తెలుగున 'వేట' యను మాటకు రెండు బ్రదుకులు కలవు. అడవిలో రాజులు చేసినది వేట. కడలిలో జాలరి చేయునదియు వేటయే. మొదటిది వినోదము, రెండవది కూడు. విశాఖ తీరమున తెల్లవారక మునుపే పడవను నీటికి త్రోయువాడు వేటకు పోవుచున్నానని చెప్పునపుడు, ఆ మాటలో వినోదపు ఛాయ లేశమైనను ఉండదు. ఆనాడు ఇంట పొయ్యి వెలుగుట ఆ వేటపైననే ఆధారపడియుండును. కాని వెచ్చని సముద్రములుగల అనేక తీరములందు నేడు ఈ రెండు వేటలును ఒకే పడవలో ప్రయాణము చేయుచున్నవి. ధనము చెల్లించి ఎక్కినవానికి అది వినోదము; పడవ నడపువానికి అది జీవనము. ఆ ఇద్దరి నడుమ గాలమునకు తగులుకొన్న చేప యొకటి. దానికి జరుగుచున్న న్యాయమెట్టిదో విచారింపదగియున్నది.

ఈ వ్యాపారము సంపూర్ణముగా వికసించిన స్థలములలో ముఖ్యమైనది అమెరికాలోని ఫ్లారిడా కీస్ దీవులు. మయామీ నగరమునకు దిగువనుండి కీ వెస్ట్ వరకు పూసలదండవలె సాగిన ఈ దీవులకు ఒక ప్రక్కన ఫ్లారిడా అఖాతము: లోతులేని నీరు, నీటి అడుగున గడ్డిమేటలు, మడచెట్ల గుంపులు. రెండవ ప్రక్కన అట్లాంటిక్ సముద్రము. పగడపు దిబ్బలు దాటిన కొంతదూరమునకే గల్ఫ్ స్ట్రీమ్ అను వెచ్చని మహాప్రవాహము. కావుననే ఇచ్చటి కిరాయి పడవలు రెండు తెగలు. తీరజలములలో తిరుగునవి చిన్నవి, అడుగు చదునైనవి. కెప్టెన్ ఇంజను నాపి, ఎత్తయిన పీటపై నిలిచి, పొడవైన గెడతో పడవను చప్పుడు కాకుండ త్రోయుచు, నీటిలో కదలు నీడలను కనిపెట్టుచుండును. అచ్చట కోరి పట్టునవి టార్పన్, బోన్‌ఫిష్, పర్మిట్ అను చేపలు. లోసముద్రమునకు పోవు పడవలు పెద్దవి. ఎరలను వెనుక నీటిపై ఈడ్చుకొనుచు గంటలతరబడి సాగును. అచ్చటి లక్ష్యములు మార్లిన్, సెయిల్‌ఫిష్, ట్యూనా. వీనిలో మొదటి రెండును కత్తివంటి ముక్కుగలవి; ఇట్టివానిని తెలుగు జాలరులు కొమ్ముకోనము అందురు. 2022లో విశాఖ సమీపమున పరవాడ ప్రాంతపు మత్స్యకారుడొకడు, తాము పట్టిన కొమ్ముకోనము పొడుచుటచే ప్రాణములు కోల్పోయెను. కూటికొరకు చేయు వేటలో చావు ఇరుప్రక్కలను ఉండుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

వినోదపు వేటకు నియమములు ఏర్పడుట పందొమ్మిదవ శతాబ్దపు చివరి మాట. 1898లో కాలిఫోర్నియా తీరమందలి కాటలీనా దీవిలో ట్యూనా క్లబ్బు వెలసినది. సన్నని దారముతో, తేలికయైన గాలపుకర్రతో పట్టవలెననియు, చేపకు తప్పించుకొను అవకాశము ఇయ్యవలెననియు దాని ఆశయము. 1939లో న్యూయార్కున అంతర్జాతీయ సంఘమొకటి నెలకొని, రికార్డులకు ప్రమాణములను నిర్ణయించినది. ఆ నియమములలో ముఖ్యమైనది, చేప తగిలినపిమ్మట గాలపుకర్రను, రీలును, ప్రధానమైన దారమును ఇతరు లెవ్వరును ముట్టరాదనుట. పోరాడినవానిదే విజయము. అమెరికా వేటగాడు ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ 1953లో పెరూ దేశపు కాబో బ్లాంకో వద్ద పట్టిన 1,560 పౌనుల నల్లమార్లిన్ రికార్డు ఈనాటికిని చెక్కుచెదరలేదు.

నియమము న్యాయముగనే తోచును. అయితే చేపను పట్టుటలో చేతిబలమెంత? ఏ ఋతువులో, ఏ ఆటుపోటున, ఏ గట్టుప్రక్కన చేప మేయునో ఎరిగినవాడు కెప్టెన్. ఎరను కూర్చువాడు అతని సహాయకుడు. గాలమునకు చేప తగిలినపిమ్మట దాని పరుగునుబట్టి పడవను త్రిప్పువాడును కెప్టెనే. ఉదయమున గాలపుకర్రను మొదటిసారి చేతబట్టినవాడు సాయంకాలమునకు వీరుడై దిగివచ్చును. పది ఇరువది యేండ్లు ఆ నీటిని చదివినవాడు పడవను కడుగుచు మిగిలిపోవును. కీర్తి ఎవరికి చెందవలెనన్నది ఇచ్చటి ప్రశ్న కాదు. చేపయెడ బాధ్యత ఎవరిది, ఆ బాధ్యతను నెరవేర్చు అధికార మెవరిది అన్నదే ప్రశ్న.

ఈ సందర్భమున హెమింగ్వే స్మరణకు వచ్చుట సహజము. ఆయన కీ వెస్టున నివసించినవాడు. 1934లో 'పిలార్' అను పడవను కట్టించుకొని క్యూబా జలములలో మార్లిన్‌లను వేటాడిన వినోదవేటగాడు. కాని 1952లో ప్రకటించిన 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' నవలకు తనవంటివానిని నాయకునిగా చేయలేదు. చేతిదారముతో ఒంటరిగా పోవు పేద ముదుసలిని ఎన్నుకొనెను. ఆ ముదుసలి చేపను సోదరునిగా భావించును, అయినను చంపును. చంపక తీరని బ్రదుకు అతనిది. ఆ చంపుటకు కూటి అగత్యము సాక్ష్యము పలుకుచున్నది. ధనమిచ్చి పడవ నెక్కినవానికి అట్టి సాక్ష్యము లేదు. అతడు చేపను బాధించుటకు వేరొక సమర్థనము కావలెను. 1958లో ఆ నవల చలనచిత్రమైనపుడు అందులో గ్లాసెల్ పట్టిన మార్లిన్ దృశ్యములను వాడుకొనిరి. పేదవాని వేటకు ధనికుని వేట బొమ్మగా నిలిచినది! ఆ రెండింటి భేదమును కంటితో గుర్తింపలేమనుటకు ఇది చాలును. ఆ భేదము మనస్సున వెదకవలసినదే.

వినోదవేటగాండ్రు నేడు చూపు సమర్థనము ఒక్కటే: 'పట్టెదము, విడిచెదము.' పూర్వము పెద్ద చేపలను రేవున తలక్రిందులుగా వ్రేలాడదీసి, ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, పిదప పారవేయు ఆచారము సర్వసాధారణముగా ఉండెడిది. నేడు ఫ్లారిడాలో బోన్‌ఫిష్‌ను చంపరాదు. 2013నుండి టార్పన్‌ను, రికార్డుకొరకు ప్రత్యేకమైన అనుమతి చీటి కొన్నవారు తప్ప, ఎవ్వరును ఉంచుకొనరాదు. 40 అంగుళములకు మించిన టార్పన్‌ను విడువదలచినచో నీటిలోనుండి పైకి ఎత్తనేరాదు. ఏబదియేండ్లకు మించి జీవింపగల ఆ చేపను ఒకసారి చంపినచో ఒక తరము పోయినట్లే. బ్రదికియున్నచో అదే చేప ఎందరికో మరల మరల జీవనము కల్పించును. కీస్ దీవులలో తీరజలముల గాలపువేటవలన ఏటా కలుగు ఆర్థిక ప్రయోజనము 46 కోట్ల 50 లక్షల డాలర్లని 2013లో ఒక అంచనా వెలువడినది. బ్రదికిన చేపకే విలువ ఎక్కువయన్న సత్యమును ధర్మశాస్త్రముకంటె ముందుగా వర్తకము గ్రహించినది.

అయితే ఈ వాదమునకు మచ్చ యొకటి కలదు. 1994లో ఫ్లారిడా ప్రజలు నూటికి 70కి పైగా ఓట్లతో రాజ్యాంగమును సవరించి, తీరజలములలో చేపల మొప్పలకు తగులుకొను వలలను నిషేధించిరి. 1995 జూలైలో అది అమలునకు వచ్చినది. ఆ ఉద్యమమున ముందునిలిచినవారు వినోదవేటగాండ్రు. మత్స్యసంపద పెరుగుటకు అది తోడ్పడియుండవచ్చును. కాని తరతరములుగా వలలపై బ్రదికిన చిన్న జాలరులు తమ వృత్తిని కోల్పోయిరి. చేపల మేలుపేరిట కూటివేటను వెనుకకు నెట్టిన వినోదవేట, చేపలకు ఎంత ఋణపడియున్నదో దీనివలన తెలియును. 'విడిచెదము' అన్నమాట నిజము కానిచో ఆ జాలరులకు జరిగిన నష్టమునకు సమాధానమే లేదు.

వదలుటకై పట్టుటయే క్రూరమని వాదించువారును కలరు. స్విట్జర్లాండు 2009నుండి, విడువవలెనన్న ఉద్దేశముతో చేపలు పట్టుటను నిషేధించినది. జర్మనీలోను తగిన కారణము లేక ప్రాణిని బాధించుట చట్టవిరుద్ధము. కేవల వినోదమును ఆ చట్టము తగిన కారణముగా అంగీకరింపదు. ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను కీస్ దీవులలో గడ్డిమేటలను, మడ అడవులను కాపాడుమని ప్రభుత్వముల తలుపు తట్టినవారిలో కిరాయి కెప్టెన్లు ముందువరుసలో ఉన్నారు. వారిని తొలగించినచో ఆ చేపల పక్షమున మాటలాడు కంఠములు తగ్గును. కావున వేటను నిషేధించుటకంటె, విడుచుటను నిజము చేయుటయే మేలైన మార్గము.

విడుచుట యనగా చేతులు వదలుట కాదు. గంటసేపు పెనగులాడిన చేప అలసటచే సగము చచ్చియుండును. ఛాయాచిత్రమునకై పైకి ఎత్తినచో దాని మొప్పలు ముడుచుకొనిపోయి ఊపిరి ఆడదు. బహామా దీవులలో బోన్‌ఫిష్‌పై జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో, విడుచునపుడు నిలదొక్కుకొనలేక ప్రక్కకు ఒరిగిన చేపలు, నిటారుగా ఈదిపోయినవానికంటె ఎన్నోరెట్లు అధికముగా ఇతర జంతువుల వాతబడినట్లు తేలినది. కీస్ వంతెనలవద్ద సుత్తితల సొరచేపలు, అలసిన టార్పన్‌కొరకే కాచుకొనియుండును. లోతునుండి లాగిన స్నాపర్, గ్రూపర్ చేపల కడుపులోని గాలితిత్తి ఉబ్బి, అవి నీటిపైననే తేలిపోవును. బరువు కట్టిన సాధనముతో వానిని మరల లోతునకు దింపవలెను. ఎరతోపాటు గొంతులోనికి జారు పాతరకపు గాలమునకు బదులు, మొన లోనికి వంగి దవడమూలను మాత్రమే పట్టుకొను గుండ్రని గాలము వాడవలెను. అమెరికాలో అట్లాంటిక్ మార్లిన్ పోటీలందు సహజమైన ఎరలతో పట్టువారికి 2008నుండి ఇది విధి.

ఇవి అన్నియు ఎరిగినవాడు పడవలో ఒక్కడే, కెప్టెన్. సొరచేప కనబడగానే దారము తెంపివేయవలెనని అతనికి తెలియును. కాని తెంపుమని చెప్పగలడా? ఎక్కినవాడు దూరదేశమునుండి వచ్చినవాడు, కిరాయి చెల్లించినవాడు, దిగునపుడు ఇచ్చు బహుమానముపై సహాయకుని ఆనాటి సంపాదన చాలవరకు ఆధారపడియున్నది. 'ఇంకొక్క చిత్రము' అని అతడు బ్రతిమాలినచో కాదనుట కష్టము. కాదన్న కెప్టెన్‌ను విడిచి, మరునాడు అవునను కెప్టెన్‌వద్దకు పోవచ్చును. దయగల కెప్టెన్ నష్టపడి, దయలేనివాడు లాభపడునట్టి పోటీలో దయ ఎంతకాలము నిలువగలదు?

కావున చట్టమును కెప్టెన్‌కు సంకెలగా భావించుట పొరపాటు. 'నేను ఒప్పుకొనను' అనుటకు జంకువాడును 'చట్టము ఒప్పుకొనదు' అని నిర్భయముగా అనగలడు. 40 అంగుళముల టార్పన్‌ను ఎత్తరాదన్న నియమము చేపకు ఎంత మేలు చేసినదో కెప్టెన్‌కును అంత మేలు చేసినది. పడవలన్నింటికిని ఒకే నియమమైనపుడు ఒకనిని విడిచి మరియొకనివద్దకు పోవుటవలన లాభముండదు. ఇట్టి నియమములు మరికొన్ని కావలెను. రికార్డుల విషయమున అంతర్జాతీయ సంఘము 2011లో, చేపను చంపి తూచుటకు బదులు పొడవు కొలిచి సజీవముగా విడుచు పద్ధతికి చోటిచ్చినది. తూకమునకు గల ప్రతిష్ఠ ఈ కొలతకును కలుగవలెను.

ధనమిచ్చినవానిదే పెత్తనమని కొందరనవచ్చును. తుఫాను గాలి లేచినపుడు పడవను వెనుకకు త్రిప్పవలెనా, వలదా అన్నది ప్రయాణికుడు నిర్ణయించునా? అమెరికా తీరరక్షకదళము లైసెన్సు నిచ్చినది కెప్టెన్‌కు. ప్రయాణికుల ప్రాణములు అతని చేతిలో నుంచినపుడు, చేప ప్రాణమును మాత్రము ప్రయాణికుని చేతిలో ఉంచుట వింత.

ఈ విచారము ఫ్లారిడాకు మాత్రమే పరిమితము కాదు. తెలుగువారు గణనీయముగా స్థిరపడిన అండమాన్ దీవులలోను కిరాయి పడవలపై గాలపువేట కొన్నేండ్లుగా సాగుచున్నది. విదేశీయులును, దేశమందలి నగరవాసులును అచ్చటికి పోవుచున్నారు. ఆంధ్రతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట ఆగిపోవును. చేప పెరుగుటకై పేద జాలరి రెండు నెలల సంపాదనను వదలుకొనుచున్నాడు. ఒక్క దినపు వినోదమునకై వచ్చినవాడు ఒక్క ఛాయాచిత్రమును వదలుకొనలేడా? పడవ కదలకముందే కెప్టెన్ ఆ మాట అడుగవలెను. అడుగుటకు చట్టము అతని వెనుక నిలువవలెను. వ్యాపారము పెరిగినపిమ్మట కట్టుదిట్టములు చేయుటకంటె, చిన్నదిగా ఉన్నపుడే చేయుట సులువు.