మా పిల్లల చేతికి ముందు ఏ కథ?

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లకు ఏ కథలివ్వాలి? ఈ ప్రశ్నకు మన సాహిత్య పెద్దల దగ్గర జాబితా ఎప్పుడూ సిద్ధమే. 1910లో అచ్చయిన గురజాడ 'దిద్దుబాటు'తో మొదలవుతుంది. 1952లో అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' తప్పకుండా ఉంటుంది. మంచి కథలే. కాదనడం లేదు. మేమూ వాటితోనే చదవడం నేర్చుకున్నాం. కానీ ఆ ఇళ్లలోకి మేము చెప్పులు వాకిట్లో విడిచి, పరాయివాళ్లలా వెళ్లాం. అక్కడ మా అమ్మీ లేదు, మా దాదీ లేదు. మిగతా కథల్లో ఎప్పుడన్నా కనబడితే జట్కా తోలే సాయిబుగానో, విలాసాల నవాబుగానో కనబడ్డాం. నోరు విప్పితే వచ్చీరాని తెలుగు. చదివేవాళ్లకు అది నవ్వు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే మా పిల్లాడు ఆ నవ్వులో కలవాలా, తల దించుకోవాలా?

ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' పాఠంగా పెట్టాం కదా అంటారు. పెట్టారు. గొప్ప కథ. మేళాలో బొమ్మలూ మిఠాయిలూ మానుకుని, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాల్చుకునే దాదీకి చిమటా కొన్న హామిద్ మా పిల్లాడే. ఆ ఒక్క కథతో మా లెక్క తీరిపోయిందనుకోవడం మీదే మా పేచీ. త్యాగం చేసే బీద పిల్లాణ్ణి చూసి కన్నీళ్లు పెట్టుకోవడం తేలిక. అల్లరి చేసే, అబద్ధాలాడే తురక పిల్లాణ్ణి మీ ఇంటి పిల్లాడిలా చూడటం కష్టం. 1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పుస్తకంగా వచ్చినప్పుడు ఆ పిల్లాడు నెల్లూరు యాసలో మాట్లాడాడు. తెలుగు పాఠకులు నవ్వారు. ఈసారి మమ్మల్ని చూసి కాదు, మాతో కలిసి.

ఇక డిటెక్టివ్ నవల. అది సాహిత్యమే కాదంటారు. పుస్తకం పట్టే అలవాటు ఎంతమందికి అక్కణ్ణించి రాలేదు? తెలుగువాళ్లకు కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ ఎట్లాగో, ఉర్దూ చదివిన మా పెద్దలకు ఇబ్నె సఫీ ఫరీదీ అట్లా. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలైంది. ఆ ఏడే రచయిత కరాచీ వెళ్లిపోయాడు. పుస్తకాలు మాత్రం రెండు దేశాల్లోనూ అచ్చయ్యాయి. అందులో ఫరీదీ నేరస్థుడు కాదు, నేరస్థుణ్ణి పట్టేవాడు. దేశభక్తికి రుజువు చూపమని అతణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ నవలలు హిందీలోకి వెళ్లినప్పుడు ఏం జరిగింది? ఫరీదీ వినోద్ అయ్యాడు. ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. సహాయకుడు హమీద్ మాత్రం హమీద్‌గానే మిగిలాడు. అమ్మకాల కోసమే అనొచ్చు. అమ్ముడుపోవాలంటే నాయకుడికి మా పేరు ఉండకూడదని ఎవరు తేల్చారు? ముందు నడిచేవాడి పేరు మారాలి, వెనక నడిచేవాడి పేరు ఉండొచ్చు. మా స్థానమేమిటో ఇంతకన్నా సూటిగా ఏ సిద్ధాంత గ్రంథమూ చెప్పలేదు.

మా వాళ్లనూ అడగాలి. కిస్సా కహానీలు చదివితే ఆడపిల్ల చెడిపోతుందని చేతిలో పుస్తకం లాక్కున్న ఇళ్లు మావే. 1942లో వచ్చిన ఇస్మత్ చుగ్తాయీ 'లిహాఫ్' మీద లాహోర్‌లో అశ్లీలం కేసు నడిచింది. ఆమె క్షమాపణ చెప్పలేదు. ఆ మొండితనం మా ఆడపిల్లలకు తెలియొద్దా?

అందుకే మా జాబితా మేమే రాసుకుంటాం. 'దిద్దుబాటు' ఉంటుంది. పక్కనే మంటో 'తోబా టేక్ సింగ్' ఉంటుంది. 1948 నాటి హైదరాబాద్ గుండెకోత చెప్పిన నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' ఉంటుంది. మనసుంటే బయటివాళ్లూ మా గురించి నిజం రాయగలరని అదే సాక్ష్యం. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ముస్లిం కథలు 'వతన్' ఉంటాయి. జాసూసీ నవలా ఉంటుంది, ఫరీదీ సొంత పేరుతోనే.

మొదటి పుస్తకం తెరిచిన పిల్లాడు అందులో తనను వెతుక్కుంటాడు. దొంగగా దొరికితే సిగ్గుపడతాడు. ఎప్పుడూ దీనుడిగానే దొరికితే విసిగిపోతాడు. అసలు దొరక్కపోతే పుస్తకం మూసేస్తాడు. 'మీ వాళ్లు చదవరు' అని మమ్మల్ని అనేముందు, వాళ్ల చేతిలో మీరేం పెట్టారో చెప్పండి.