పెదమామయ్య గుర్రాల పద్దు

మా పెదమామయ్య మద్రాసులో గుమాస్తాగా ఉండేవాడు. పద్దులు రాయడంలో ఆయనకు ఆయనే సాటి. పాల పద్దు, చాకలి పద్దు, కిరాణా పద్దు, అన్నిటికీ ఎర్రసిరాతో గీతలు కొట్టి, ముత్యాల్లాంటి అంకెలు వేసేవాడు. వీటన్నిటికంటె లావుపాటి పుస్తకం మరొకటి ఉండేది. అది గుర్రాలది. ఒక్కొక్క గుర్రానికి ఒక్కొక్క పేజీ. ఏ తేదీన పరుగెత్తింది, ఎంత దూరం, ఎన్నోదిగా వచ్చింది, ముందుదానికి ఎంత వెనక పడింది, అన్నీ అందులో ఉండేవి.

"పిల్లల పుట్టినరోజులు అడిగితే తడుముకుంటారు గాని, గుర్రాలవి అడుగు, తిథి వార నక్షత్రాలతో సహా చెబుతారు" అనేది అత్తయ్య.

నేను వేసవి సెలవులకు వాళ్ళింటికి వెళ్ళిన ఏడు, అంటే 1960ల మొదట్లో, ఆ పుస్తకం ఒక సిద్ధాంతం తేల్చింది. ఒక నల్లగుర్రం ఒక ఎర్రగుర్రాన్ని వరసగా మూడుసార్లు ఓడించింది. ఆ శనివారం మళ్ళీ రెండూ ఒకే పందెంలో ఉన్నాయి. ఇంక సందేహం ఏముంది? మామయ్య ఇంటద్దె డబ్బూ, చాలదని అత్తయ్య గాజుల జత తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బూ నల్లగుర్రం మీద కాశాడు. ఎర్రగుర్రం మూడు లెంగ్తుల ముందు వచ్చింది. లెంగ్తు అంటే ముక్కునుంచి తోక మొదలుదాకా ఒక గుర్రం పొడుగు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మామయ్య పుస్తకం ముందేసుకుని, తప్పెక్కడ జరిగిందో అర్థంకాక కూర్చున్నాడు. అత్తయ్య ఒంగోలు ప్రాంతపు ఆడపడుచు. తిట్టలేదు, ఏడవలేదు. ఒకటే అడిగింది:

"ఆ రెండూ ఒకే బరువు మోశాయా?"

"నల్లదానికి నూటఇరవైఆరు పౌన్లు, ఎర్రదానికి నూటపద్దెనిమిది. ఎనిమిది పౌన్లు ఒక లెక్కటే? గుర్రం ఒళ్ళే వెయ్యి పౌన్లు!"

"మా ఊళ్ళో బండలాగుడు పందేనికి రెండుపళ్ళ గిత్తలకీ ఆరుపళ్ళ గిత్తలకీ ఒకే బండ కట్టరండీ. కడితే అది పందెమే కాదంటారు."

మామయ్య పుస్తకంలో దూరం ఉంది, తేదీ ఉంది. బరువుకు మాత్రం గడి లేదు.

గుర్రప్పందేల్లో చాలా భాగం హాండికాప్ పందేలు. బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, నాసిదానికి తక్కువ బరువు వేస్తారు. జాకీనీ జీనునూ కలిపి తూచి, తక్కువ పడితే సీసపు బిళ్ళలతో సరిపెడతారు. ఏ గుర్రానికి ఎంతో తేల్చే అధికారి హాండికాపర్. ఆయన చదివేదీ మామయ్య రాసుకున్న లెక్కలే. అయితే ఆయన ఆశయం వేరు. గుర్రాలన్నీ ఒకేసారి గీత దాటితే ఆయన పని నూటికి నూరుపాళ్ళూ నెరవేరినట్టు!

ఎనిమిది పౌన్లు ఎంత పని చేస్తాయి? ఇంగ్లీషువాళ్ళు వాడుకలో పెట్టుకున్న ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. మైలు పందెంలో ఒక లెంగ్తుకు సుమారు రెండు పౌన్లు. అయిదు ఫర్లాంగుల పొట్టి పందెంలో మూడు, రెండు మైళ్ళ పందెంలో ఒకటి. మామయ్య ఆ రాత్రే పాత పందెం కాగితాలన్నీ బయటికి లాగాడు. మూడోసారి నల్లగుర్రం మైలు పందెంలో రెండు లెంగ్తులు నెగ్గినప్పుడు అది మోసింది 118 పౌన్లు, ఎర్రది 122. నాలుగు పౌన్లంటే రెండు లెంగ్తులు. అంటే రెండూ సరిసమానం! మూడు గెలుపులూ పుస్తకంలోనే గాని గుర్రంలో లేవు. అదే మైలు పందెంలో ఇప్పుడు నల్లది ఎనిమిది పౌన్లు అదనంగా మోస్తే నాలుగు లెంగ్తులు వెనకపడాలి. మూడే పడింది. పాపం, అది తన శక్తికి మించే పరుగెత్తిందనాలి.

ఈ తూకాల విద్యలో పేరుమోసినవాడు ఇంగ్లండులోని అడ్మిరల్ రౌస్. ఓడల మీద కొలువు చేసి గుర్రాల్లోకి వచ్చిన మనిషి. ఏ వయసు గుర్రానికి, ఏ నెలలో, ఎంత దూరానికి ఎంత రాయితీ ఇవ్వాలో పట్టిక కట్టాడు. మూడేళ్ళ గుర్రం ఇంకా ఎదిగే పిల్ల. దానికీ అయిదేళ్ళదానికీ సమాన బరువు వేస్తే, మా అత్తయ్య చెప్పిన ఎడ్ల సంగతే.

1850 సెప్టెంబరులో డాంకాస్టర్ కప్పులో ఫ్లయింగ్ డచ్‌మన్ అనే నాలుగేళ్ళ గుర్రం వోల్టిజర్ అనే మూడేళ్ళదాని చేతిలో అరలెంగ్తు తేడాతో ఓడిపోయింది. అంతకుముందు డచ్‌మన్‌కు ఓటమి అంటే తెలియదు. పైగా వోల్టిజర్ రెండు రోజుల క్రితమే సెయింట్ లెజర్ పందెంలో మరో గుర్రంతో సమంగా వచ్చి, అదే రోజు మళ్ళీ పరుగెత్తి నెగ్గింది. అంత అలిసిన గుర్రం చేతిలో ఓడిందంటే డచ్‌మన్ పని అయిపోయిందని తొందరపడినవాళ్ళు అనుకుని ఉండవచ్చు. బరువులు చూడండి. డచ్‌మన్ 124 పౌన్లు, వోల్టిజర్ 105. తేడా 19 పౌన్లు. అందులో వయసు రాయితీ కొంత ఉంది, నిజమే. డచ్‌మన్ జాకీ ఆ రోజు తాగి ఉన్నాడనీ, మొదట్లోనే గుర్రాన్ని మితిమీరి తోలాడనీ చెప్పుకుంటారు. మా మామయ్య పుస్తకంలో అయితే "రెండోది, అరలెంగ్తు" అని ఒక్క ముక్క ఉండేది.

యజమానులు పంతానికి పోయారు. 1851 మేలో యార్కులో రెండు గుర్రాలకే ప్రత్యేకంగా రెండు మైళ్ళ పందెం, ఒక్కొక్కరు వెయ్యి గినీలు. బరువులు నిర్ణయించమని రౌస్‌నే అడిగారు. వయసు తేడా లెక్కవేసి ఆయన డచ్‌మన్‌కు 120½, వోల్టిజర్‌కు 112 వేశాడు. ఆ అర పౌను చూస్తే నాకు మామయ్య ఎర్రసిరా గుర్తొస్తుంది. వోల్టిజర్ ముందు పరుగెత్తింది. చివర్లో డచ్‌మన్ అందుకుని ఒక లెంగ్తుతో నెగ్గింది.

ఆస్ట్రేలియా ప్రజలు దేవుడిలా చూసుకున్న ఫార్ లాప్ 1930లో 138 పౌన్లు మోసి మెల్బోర్న్ కప్పు గెలిచింది. మరుసటి ఏడు 150 పౌన్లు వేశారు. ఎనిమిదోదిగా వచ్చింది. ఒక్క బరువే కారణమనను. దూరం, తడినేల, జాకీ, ఎదుటి గుర్రాల సత్తా, ఇవన్నీ గడులు గీసుకోవలసినవే.

ఇంత లెక్క ఉంది గనకనే న్యాయస్థానాలకూ ఇది చిక్కుప్రశ్న అయింది. 1967లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో అదృష్టంకంటె నేర్పే ప్రధానమంది. గుర్రప్పందేల మీద కాయడం తమిళనాడు 1974లో చట్టం చేసి రద్దు చేస్తే, 1996లో అదే కోర్టు పందేలు ప్రధానంగా నేర్పుకు సంబంధించినవేనని తీర్పు చెప్పింది. తీర్పు సరైనదే కావచ్చు. నాకు తోచేది వేరు. మామయ్యకు తెలిసిందల్లా హాండికాపర్‌కు ముందే తెలుసు, బరువులో కలిపేశాడు. పక్కన కాసినవాళ్ళకూ తెలుసు, అందుకే మంచి గుర్రం మీద వచ్చేది స్వల్పం. పైగా నిర్వాహకుల వాటా, పన్ను మొదటే పోతాయి. నేర్పు ఉన్నా అది అద్దె డబ్బు తిరిగి తేవాలని ఎక్కడుంది?

మామయ్య మర్నాడే పుస్తకంలో ప్రతి పేజీకీ బరువు గడి గీశాడు. ఆరు నెలలపాటు కాగితం మీదే పందేలు కాసి, "ఈవారం నెగ్గాను" అంటూ అత్తయ్యకు చూపించేవాడు. ఆవిడ చూసి, "బాగుంది" అనేది. బీరువా తాళం మటుకు బొడ్లోనే ఉండేది.

ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. వెనకనుంచి తిరగేస్తే అత్తయ్య చేతిరాత కనిపిస్తుంది. ఆవిడా ఎర్రగీతలు కొట్టి, పద్నాలుగు నెలలపాటు వడ్డీ ఎంత, అసలు ఎంత అని గాజుల పద్దు రాసింది. చివరి వరసలో "విడిపించాము" అని ఉంది. కింద మామయ్య సంతకం.