బోర్డు కట్టినవారిని అడిగేదెవరు?

గౌరవనీయ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

విద్యాశాఖ మీ చేతిలోనే ఉంది. మీ సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది. అందుకే ఈ లేఖ ఢిల్లీకి కాక మీకు రాస్తున్నాను. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే 1,016 ప్రత్యేక విద్య టీచర్లవి. ఆ కొలువు కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన చదువు ఉండాలన్నారు. మంచిదే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రత్యేక టీచర్ల అర్హతలనూ కమిటీ వేసి పరిశీలించాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మంచిదే. మరి బడి గేటు బయట, చదవడంలో తడబడే పిల్లలకు ‘డిస్లెక్సియా థెరపీ’ అని బోర్డు కట్టినవారిని అడిగేదెవరు? రేపు గద్వాలలోనో వనపర్తిలోనో ఎవరైనా ఓ గది అద్దెకు తీసుకుని పిల్లల్ని చేర్చుకుంటే, కాగితాలు చూపించమని వచ్చే శాఖ ఏది? రాష్ట్రంలో ఇలాంటి కేంద్రాలు ఎన్ని ఉన్నాయో చెప్పగల అధికారి సచివాలయంలో ఒక్కరైనా ఉన్నారా?

చట్టం లేదా అంటే ఉంది. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం కేంద్ర రిజిస్టరులో పేరు లేనివారు పునరావాస వృత్తి చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారో మీరే చెప్పాలి. పైగా కౌన్సిల్ అధికారమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. అంటే అచ్చంపేటలో మోసపోయిన తండ్రి నేరుగా కోర్టు గుమ్మం ఎక్కలేడు. ఇంకో చిల్లు కూడా ఉంది. ఆ రిజిస్టరులో ప్రత్యేక టీచరు, క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఉన్నారు కానీ, ‘డిస్లెక్సియా థెరపిస్టు’ అనే వర్గమే లేదు. నేను ఆ మూడింట్లో ఏదీ కాదు, రెమెడియల్ కోచ్‌ని అన్నవారిని ఏం చేస్తారు?

ఇది పట్నం వాళ్ల గోల అని కొట్టిపారేసేవారు ఉంటారు. నిజానికి దెబ్బ ఎక్కువ తగిలేది ఇక్కడ, మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనే. 2011 లెక్కల్లో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత 50 శాతమైనా లేదు. తాను చదవలేని తల్లి, తన బిడ్డకు చదువు వస్తోందో లేదో ఎలా తేల్చుకుంటుంది? పైగా బిడ్డ చదవలేకపోవడానికి ఇక్కడ వేరే కారణాలు బోలెడు. సీడ్ పత్తి చేలల్లో పనికి పోయి బడి మానిన పిల్లలున్నారు, తల్లిదండ్రుల వెంట వలస పోయినవారున్నారు, ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు చదివే తండా పిల్లలున్నారు. వీటిని డిస్లెక్సియా నుంచి వేరు చేయడమే అసలు పని. దానికి శిక్షణ కావాలి. బి-డి తారుమారవుతున్నాయా అని ఇంగ్లిష్ జాబితా చూసి అడిగేవారికి, వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర, థ-ధల దగ్గర తడబడే పిల్లవాడు పట్టుబడడు. బడి మానినందుకు వెనకబడిన బిడ్డకు లేని లోపం అంటగడతారు. నిజంగా ఉన్న బిడ్డ మొద్దు అనిపించుకుంటాడు.

నిబంధనలు బిగిస్తే ఉన్న ఒకరిద్దరూ పోతారు కదా అనే అభ్యంతరం తోసిపుచ్చదగ్గది కాదు. ఈ మూడు జిల్లాల్లో నిపుణుల కొరత నిజం. కానీ నేను మూసేయమనడం లేదు. ఎవరు ఏం చదివారో గోడ మీద రాసి పెట్టడానికి, చదవనివారు ఫలానా గడువులోగా చదవడానికి, అంతవరకు అర్హులైనవారి కింద పనిచేయడానికి కొరత అడ్డం కాదు. కేంద్ర చట్టం కాబట్టి మా చేతిలో లేదన్న జవాబు కూడా చెల్లదు. విద్య ఉమ్మడి జాబితాలోది. ప్రైవేటు బడులకు గుర్తింపు ఇచ్చేది మీరే, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు నడిపేది మీరే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను వైకల్యంగా గుర్తించి, 40 శాతం, ఆపైన ఉన్నవారికి ఉన్నత విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ తెరిచింది. అంత విలువైన గుర్తింపు చుట్టూ దళారులు మూగరని ఎవరు హామీ ఇస్తారు? వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. పరీక్ష చేసి ఏది ఏమిటో చెప్పే పని వాటికి ఎందుకు అప్పగించకూడదు?

వనపర్తిలో చదువుకున్నవారు మీరు. కనీసం ఈ మూడు జిల్లాల్లోనైనా ఎవరు ఏ అర్హతతో పిల్లల్ని చేరదీస్తున్నారో లెక్క తీయించండి, ఆ జాబితాను ప్రతి సర్కారు బడి గోడకూ అంటించండి. మిగతాది మీ విజ్ఞతకు వదిలేస్తున్నాను.

ఇట్లు,
పాలమూరు పౌరుడు