మున్నేరు ఒడ్డున ఈత బడి

పెద్ద తిరునాళ్ల వచ్చిందంటే పెనుగంచిప్రోలులో మున్నేరు ఇసుక కనపడదు. తిరుపతమ్మ తల్లికి మొక్కుకున్నవాళ్లు ఏట్లో మునిగి తడిబట్టలతోనే గుడికి నడుస్తారు. పిల్లలు మాత్రం ఎంత పిలిచినా ఓ పట్టాన నీళ్లలోంచి బయటికి రారు.

తిరునాళ్ల జనం వెళ్లిపోయాక కూడా ఊరికి ఆటస్థలం ఆ ఏరే. ఎండాకాలం పొద్దు వాలితే ఇసుక చల్లబడుతుంది. ఒకచోట కబడ్డీ, ఇంకోచోట గాలం వేసుకుని కదలకుండా కూర్చున్న కుర్రాడు, చేత్తో చెలమ తోడి నీళ్లు తేరుకునేదాకా చూసే చిన్నపిల్లలు. టికెట్టు లేని ఈ సంతోషం మెట్ట ప్రాంతపు పల్లెలకు పెద్ద ఆస్తి.

దాన్నిప్పుడు భయం మింగేస్తోంది. 2022 జనవరిలో, సంక్రాంతి ముంగిట, దిగువన చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర ఈతకు దిగిన ఐదుగురు పిల్లలు మున్నేట్లోనే ప్రాణాలు వదిలారు. అలాంటి కబురు విన్న ఏ తల్లయినా బిడ్డను ఏటి వైపు పోనివ్వదు. ఆమెను తప్పుపట్టలేం. కానీ వద్దన్నంత మాత్రాన పిల్లలు మానరు. చెప్పకుండా పోతారు, పెద్దవాళ్లెవరూ లేని చోట దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఒకప్పుడు మెట్టలో ఈత నేర్పింది మోటబావులు. నడుముకు సొరబుర్ర కట్టి, మేనమామో బాబాయో పక్కనుండి దూకించేవాడు. బోర్లొచ్చాక బావులు పూడాయి, ఈత పోయింది. ఏరూ మారింది. ఇసుక తవ్విన చోట గుంటలు పడతాయి. మొలలోతే అనుకున్న నీరు రెండడుగులు వేసేసరికి తల దాటిపోతుంది. పైగా మున్నేరు తెలంగాణ నుంచి ఖమ్మం మీదుగా వస్తుంది కాబట్టి, ఇక్కడ చినుకు పడకపోయినా పైన కురిసిన వానకు పొంగుతుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారినే ముంచేసి రాకపోకలు ఆపేసిన ఏరు ఇది.

చెరువులు, కుంటలు ఎక్కువున్న బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు తడకలతో అడుగూ అంచులూ కట్టి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. పెనుగంచిప్రోలుకు అదేమీ అసాధ్యం కాదు. తిరునాళ్లకు ఏటి ఒడ్డున చేసే కాపలా ఏర్పాట్లు ఎండాకాలం సెలవుల్లోనూ ఉండాలి. దేవస్థానం, పంచాయతీ, బడి కలిసి గుంటల్లేని ఒక రేవు ఎంచి, తాడు కట్టి, లోతు చూపే గుంజలు పాతి, ఇద్దరు గజ ఈతగాళ్లకు జీతమిచ్చి కూర్చోబెట్టాలి. ఆ రేవుకు ఎగువా దిగువా పార పడనివ్వకూడదు.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. తమ్ముళ్లు నీళ్లలో కేరింతలు కొడుతుంటే వాళ్లు ఒడ్డున బట్టలకు కాపలా కాస్తున్నారు. వాళ్లకు వేరే వేళ, నేర్పడానికి ఆడ టీచరు, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది మొదటి ఏడాది నుంచే ఉండాలి.