క్లాసు పాఠం... కోర్టుకెక్కింది!

మాస్టారు ఇచ్చిన హోంవర్కు ప్రపంచ న్యాయస్థానం దాకా వెళ్తుందని ఎవరైనా అనుకుంటారా? వెళ్లింది!

పసిఫిక్‌ మహాసముద్రంలో వనువాటు అని ఓ బుల్లి దేశం. ఎనభైకి పైగా దీవులు, జనం మాత్రం మూడు లక్షల చిల్లర. అక్కడి సౌత్‌ పసిఫిక్‌ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో 2019లో 27 మంది లా విద్యార్థులు ఓ ఆలోచన చేశారు. భూతాపానికి పెద్దగా కారణం కాని తమ దీవులు ఎందుకు మునిగిపోవాలి? దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే పోలా?

అడగటం అంత తేలిక కాదు. ఆ కోర్టు మెట్లెక్కడానికి విద్యార్థులకు అర్హత లేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వంటి అర్హత ఉన్న సంస్థలు కోరితేనే సలహా చెబుతుంది. 2011లో పలావు దేశం ఇదే ప్రయత్నం చేసి, మద్దతు చాలక ఊరుకుంది. అయినా పిల్లలు వదల్లేదు. పసిఫిక్‌ దేశాధినేతలకు ఉత్తరాలు రాశారు. చివరికి వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకుంది.

2023 మార్చి మొదటివారంలో జూడీ, కెవిన్‌ అనే రెండు తుపాన్లు రోజుల తేడాతో ఆ దేశాన్ని కుదిపేశాయి. అదే నెల 29న తీర్మానం వచ్చింది. 132 దేశాలు మద్దతుగా సంతకం చేశాయి. ఓటింగ్‌ అవసరమే పడలేదు!

ఈలోగా విద్యార్థుల బృందం దీవుల జనం సాక్ష్యాలు సేకరిస్తూ పోయింది. 2024 డిసెంబరులో హేగ్‌ నగరంలో విచారణ. 96 దేశాలు వాదనలు వినిపించాయి. ఆ 27 మందిలో ఒకరైన సోలమన్‌ దీవుల సింథియా హౌనియుహి న్యాయమూర్తుల ఎదుట నిలబడి మాట్లాడారు. భారత్‌ కూడా వెళ్లింది. చారిత్రక కాలుష్యం సంపన్న దేశాలదేననీ, ఇప్పుడున్న ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు మోపొద్దనీ చెప్పింది. మొదటి మాటతో పేచీ లేదు. రెండోది మాత్రం దీవులవాళ్లకు రుచించేది కాదు. వేల కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న మనమూ కాస్త ఆలోచించాల్సిందే.

2025 జులై 23న పదిహేనుమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు... వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చని.

ఇది సలహానే, తీర్పు కాదు. ఎవరికీ ఇంత డబ్బు కట్టమని కోర్టు చెప్పలేదు. కానీ రేపు ఏ దేశంలో ఏ మత్స్యకారుడు కేసు వేసినా అతని లాయరు చేతిలో ఈ కాగితం ఉంటుంది.