ఎలకకి నెలలు చాలు, పాముకి ఏండ్లు కావాలి

ఈ పోస్టు కొంచెం పొడుగుంటుంది. తిట్టాలనుకునేవాళ్ళు తిట్టండి, కానీ మొత్తం చదివినాక తిట్టండి.

పోయిన వారం మా పక్క చేన్లో పాత చెనక్కాయ కట్టె వామి తీస్తాంటే కింద పాము గుడ్లు బయటపడినాయి. కొన్ని పగిలి పిల్లలు అప్పుడే బయటికి వస్తాండాయి. పదీ పన్నెండు దాకా ఉంటాయి. ఒక్కోటి జానెడున్నర పొడుగు, చిటికెన వేలంత లావు కూడా లేదు. ఎండాకాలంలో ఆ వామి కాడ ఆరడుగుల జెర్రిగొడ్డు తిరుగుతాంటే మేమిద్దరం చూసిందే. నేను గెనుం మీద నుంచి "వద్దన్నా, అవి జెర్రిగొడ్డు పిల్లలు" అని అరుస్తానే ఉండా, పారతో అన్నిటినీ నరికేసినాడు.

ఆయన నాకు అన్న వరస. "పిల్లదైనా పామే కదప్పా, రేపు పెద్దదై కాటేస్తే నువ్వొచ్చి కాపాడతావా?" అన్నాడు. ఆ సాయంత్రమే హిందూపురం పోయి ఎలకల మందు కొనుక్కొచ్చినాడు. పొద్దున ఎలకల్ని తినేదాన్ని చంపి, సాయంత్రం ఎలకల్ని చంపేదానికి దుడ్లు పెట్టినాడు. ఇదేం లెక్క?

నాకు పాము భయం తెలీదనుకోవద్దండి. మా చిన్నాయన కొడుకు కింద చాప మీద పండుకొనుంటే రాత్రి కట్లపాము కరిచింది. గాటు కూడా సరిగ్గా కనపడలేదు. కడుపు నొప్పి అన్నాడు, కండ్లు మూతలు పడుతున్నాయన్నాడు. మంత్రం వేయించేదానికి తిరిగి, ఆస్పత్రికి పోయేసరికి తెల్లారిపోయింది. మనిషి దక్కలేదు. ఆ కోపంతో పదేండ్లు కనబడిన పామునల్లా కొట్టినాను. ఇప్పుడు తలుచుకుంటే, నేను కొట్టినవాటిలో ఒక్క కట్లపాము కూడా లేదు. అది తిరిగేది రాత్రి పూట. పగలు చేన్లో మన కంటబడి మన చేతిలో చచ్చేది ఎక్కువ జెర్రిగొడ్డే. నా తమ్ముణ్ణి చంపింది ఒకటి, నేను కసి తీర్చుకున్నది ఇంకొకదాని మీద.

ఇంక అసలు విషయానికి వస్తా. పోయినేడు బెంగళూరులో మా అక్క కొడుకు రూముకి పోయినా. వాని స్నేహితుడు గాజు పెట్టెలో పాముని సాకుతాండాడు. ఎర్రగా, మచ్చలతో చూసేదానికి బాగానే ఉండాది. అమెరికా పామంట, కార్న్ స్నేక్ అంటారంట, అంటే మొక్కజొన్న పాము. అక్కడ మొక్కజొన్న గాదెల కాడ ఎలకల కోసం తిరుగుతాంటే ఆ పేరొచ్చిందంటారు. విషం లేదు. మన జెర్రిగొడ్డు లెక్కనే ఎలకల్ని తిని బతికే జాతి.

ఆ పిల్లోడు దానికి ఒక నోటు పుస్తకమే పెట్టినాడు. ఏ తేదీన తిన్నది, ఎంత బరువు, ఎప్పుడు కుబుసం విడిచింది, అన్నీ రాసిండాడు. పెట్టెలో ఒక పక్క వెచ్చగా 30 డిగ్రీలు, ఇంకో పక్క చల్లగా. దాక్కునేదానికి చిన్న గూడు. తాగేదానికి నీళ్ళు. వారానికొకసారి ఒక ఎలక పిల్ల. తిన్నాక రెండు దినాలు చేత్తో తాకకూడదంట, తాకితే కక్కేస్తుంది. ఎక్కువ పెట్టినా కొవ్వు పట్టి చెడిపోతుందంట. పుట్టినప్పుడు అడుగు కూడా లేనిది, ఇంత సాకితే, పూర్తిగా పెరిగి నాలుగైదు అడుగులయ్యేదానికి మూడేండ్లు దాకా పడుతుందని చెప్పినాడు.

అప్పుడు నాకు మన చేను గుర్తొచ్చింది. వారం వారం మేత పెట్టి, వేడి చూసి, ఏ గద్దా ఏ ముంగీసా రాకుండా గాజులో పెట్టి సాకినా మూడేండ్లు. మన జెర్రిగొడ్డు పిల్లకి ఎవరు పెడతారు? చిన్నప్పుడు కప్పో, తొండ పిల్లో దొరికితే తింటుంది. నెమలి, కాకి, ముంగీస, పిల్లి అన్నీ దాని మీద పడేవే. రోడ్డు మీద ట్రాక్టరు. ఇవన్నీ దాటి పది గుడ్లలో ఒకటో రెండో పెద్దవైతే గొప్ప. అట్ల మిగిలినదాన్ని మనం పారతో కొడతాం.

అదే ఎలక లెక్క చూడండి. మూడు వారాలు మోసి ఈనుతుంది. ఈతకి ఐదారు పిల్లలు. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్ళీ ఈతకొస్తాయి. మీరు ఈ రోజు పాము పిల్లని చంపితే, దాని జాగాలో ఇంకోటి పెరిగి ఎలకలు పట్టేదానికి ఏండ్లు కావాలి. ఆ లోపల ఎలకలు ఎన్ని ఈతలు ఈనుతాయో మీరే లెక్కేసుకోండి. చెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టినాక చేన్లో బొక్కల ముందు కుప్పలు కుప్పలుగా పొట్టు చూసి ఏడ్చేది మనమే. వాన లేక పోయింది పోగా, మిగిలింది ఎలక పాలు. జింక్ ఫాస్ఫైడ్ పెడితే కోడి తింటే కోడి చస్తుంది, కుక్క తింటే కుక్క చస్తుంది. జెర్రిగొడ్డు అట్ల కాదు, బొక్కలోకే దూరి పట్టుకొస్తుంది. కూలీ అడగదు.

ఇంకో మాట పిల్లోళ్ళకి. మా ఊర్లో ఇద్దరు పిల్లోళ్ళు ఫోన్లో వీడియోలు చూసి పాము పిల్లని పట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినారు. పాలు పోసినారు. పాము పాలు తాగే జీవి కాదురా అంటే నవ్వినారు. పది దినాలకు చచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన పాముల్ని చంపినా, పట్టి పెట్టుకున్నా నేరమే, జైలు దాకా పోతుంది. ఇంకా పెద్ద మాట, విషమున్న పాము పిల్లకి పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఆ పిల్ల కరిచినా ప్రమాదమే. కాబట్టి చంపొద్దంటే పట్టుకోమని కాదు. ఏ పాము పిల్లో తెలీకపోతే పది అడుగులు ఎనక్కి జరిగి నిలబడండి. దాని దోవన అది పోతుంది. ఇంట్లోకి దూరితే ఫారెస్టు వాళ్ళకో, పాములు పట్టే తెలిసినోళ్ళకో చెప్పండి. వామి తీసేటప్పుడు చేత్తో కాదు, పొడుగు కట్టెతో కదిలించండి. రాత్రి చేన్లోకి బ్యాటరీ, బూట్లు లేకుండా పోవద్దు. కింద పండుకోవద్దు, పండుకుంటే దోమతెర చుట్టూ బిగించుకోండి. ఒకవేళ కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రం కాడికి పోవద్దు, 108కి ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికే. నా తమ్ముడు ఆ రాత్రి అట్ల పోయింటే ఈ రోజు ఉండేవాడేమో.

మనది లేపాక్షి. ఏడు పడగల నాగలింగం చూసేదానికి యాడయాడి నుంచో వస్తాండారు. అమ్మ వంట చేసే లోపల శిల్పులు ఆ బండని చెక్కేసినారని మనమే కథ చెప్తాం. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. మరుసటి దినం చేన్లో జానెడు పిల్ల కనబడితే పార ఎత్తుతాం. రాతి పాముకి దండం, పైరు కాపాడే పాముకి పార దెబ్బ. పుట్టలో పాలు పోయకపోయినా పర్వాలేదు, చేన్లో పిల్లని వదిలేయండి, అదే పెద్ద పూజ.

మా అన్న కూడా ఈ పోస్టు చదువుతాడు. అన్నా, కోపం లేదు. వచ్చే ఏడు నీ వామి కింద మళ్ళీ గుడ్లు కనబడితే నాకొక్క ఫోన్ చెయ్. ఎంత రాత్రైనా వస్తా. వామి నేనే మళ్ళీ కప్పి పోతా.